కర్రీ పాయింట్ కవరు, థైరాయిడ్ మాత్ర, అత్తగారి జాడీ

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. రాజమహేంద్రవరంలో ఉంటాం. ఇప్పుడు రెండో కాన్పు, మూడో నెల నడుస్తోంది. మూడేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. మావారూ నేనూ ఉద్యోగాలకు వెళ్తాం కాబట్టి వారంలో నాలుగు రోజులు కూర, సాంబారు కర్రీ పాయింట్ నుంచి కవర్లలోనే వస్తాయి. తాగేది 20 లీటర్ల క్యాన్ నీళ్లు. ప్లాస్టిక్‌లోని రసాయనాలు హార్మోన్లను దెబ్బతీస్తాయని, థైరాయిడ్‌కు అవే కారణమని ఒక వీడియోలో చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. నాకు థైరాయిడ్ వీటివల్లే వచ్చిందా? కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందా? ఒంట్లో ఈ రసాయనాలు ఎంత ఉన్నాయో చెప్పే పరీక్ష ఉందా? శరీరాన్ని శుభ్రం చేసే పొడి అని ఒకటి తెలిసినవారు ఇచ్చారు, వాడవచ్చా? ఇంట్లో ప్లాస్టిక్ అంతా పారేయాలా? మా అత్తగారు ఆవకాయను తన పాత జాడీలోకి మార్చమంటున్నారు, మార్చనా?

జవాబు: మీరు అడగని ఒక విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ వారం మీ బిడ్డకు కవర్ల సంగతి కన్నా అదే ముఖ్యం. గర్భం నిలిచిందని తెలిశాక, థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష మళ్లీ చేయించుకున్నారా? మొదటి నెలల్లో పిండం తనకు కావలసిన థైరాయిడ్ హార్మోన్‌ను సొంతంగా తయారు చేసుకోలేదు; మెదడు ఎదుగుదలకు అవసరమైనది తల్లి రక్తం నుంచే అందాలి. అందువల్ల ముందునుంచీ మాత్ర వాడుతున్నవారికి గర్భం వచ్చాక మోతాదును సాధారణంగా 25 నుంచి 50 శాతం వరకు పెంచవలసి వస్తుంది, అయిదో నెల దాకా సుమారు నాలుగు వారాలకొకసారి పరీక్ష చేసి చూస్తూ ఉండాలి. మూడేళ్ల కిందట రాసిన మోతాదునే ఇప్పటికీ వేసుకుంటూ ఉంటే ఆలస్యం చేయకుండా మీ డాక్టరుకు చూపించుకోండి. ఇంకొకటి, గర్భిణులకు ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు థైరాయిడ్ మాత్రను పేగుల్లోనే పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకోవాలి, అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగాలి, ఐరన్, కాల్షియం మాత్రలకు కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగడం లేదని వచ్చేవారిని అడిగితే, మాత్రలన్నీ కలిపి ఒకే గుక్కలో మింగేస్తున్నామని చెప్పడం నేను చాలాసార్లు విన్నాను.

ఇక మీ థైరాయిడ్‌కు ప్లాస్టిక్కే కారణమా అన్నది. ఫలానా మనిషికి ఫలానా కవరు వల్ల ఈ జబ్బు వచ్చిందని ఏ వైద్యుడూ నిజాయితీగా చెప్పలేడు. అయోడిన్ కలిపిన ఉప్పు తింటున్నవారిలో థైరాయిడ్ మందగించడానికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం, మన రక్షణ వ్యవస్థే పొరపాటున ఆ గ్రంథి మీద దాడి చేయడం. హషిమోటో అనే జపాన్ వైద్యుడు దీన్ని 1912లోనే వర్ణించాడు. మీ ఇంట్లో ఉన్న నీళ్ల క్యాన్ వంటివాటిని తయారు చేసే పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ పుట్టింది 1953లో. అంటే ఈ జబ్బుకు ప్లాస్టిక్ అవసరం లేదు. మీ అమ్మగారికో, అక్కచెల్లెళ్లకో కూడా థైరాయిడ్ ఉంటే, యాంటీ టీపీఓ అనే రక్తపరీక్షలో ఆ దాడి చేసే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) కనిపిస్తే, మీ జబ్బు మూలం చాలావరకు అక్కడే తేలిపోతుంది.

అలాగని వీడియోలో చెప్పినదంతా కట్టుకథ అని కొట్టిపారేయలేను. అందులో అసలు విషయం ఉంది, దాన్ని చెప్పిన తీరులోనే అతి ఉంది. మన వినాళ గ్రంథులు రక్తంలోకి వదిలే హార్మోన్లు ఊహకందనంత తక్కువ మోతాదుల్లో పనిచేస్తాయి. స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రడయాల్‌ను రక్తపరీక్షల్లో పికోగ్రాముల్లో కొలుస్తారు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. కణాల మీద ఉండే గ్రాహకాలు ఆ కాస్త హార్మోన్‌నూ గుర్తుపట్టి స్పందిస్తాయి. ఆకారంలో హార్మోన్‌ను కొంత పోలిన రసాయనం ఏదైనా లోపలికి వస్తే, గ్రాహకం దాన్నే హార్మోన్ అనుకుని పని మొదలుపెట్టవచ్చు, లేదా అది అడ్డుగా కూర్చోవడం వల్ల అసలు హార్మోన్‌కు చోటు దొరక్కపోవచ్చు. హార్మోన్ తయారీనీ, రక్తంలో దాని రవాణానూ దెబ్బతీసేవి కూడా ఉన్నాయి. ఇలాంటి గుణం ఉన్నట్టు తెలిసిన, లేదా ఉన్నట్టు అనుమానిస్తున్న రసాయనాలు సుమారు 800 ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం కలిసి 2013లో వెలువరించిన నివేదిక చెప్పింది. ఇంట్లో మనకు ఎక్కువగా ఎదురయ్యేవి గట్టి ప్లాస్టిక్‌లోనూ డబ్బాల లోపలి పూతలోనూ ఉండే బిస్ఫినాల్ ఏ, పీవీసీని మెత్తబరచడానికీ పరిమళాలు నిలిచి ఉండడానికీ కలిపే థాలేట్లు, క్రీముల్లోని పారాబెన్లు, నాన్‌స్టిక్ పూతలకు సంబంధించిన ఫ్లోరిన్ రసాయనాలు, పురుగుమందుల అవశేషాలు.

వీటిలో బిస్ఫినాల్ ఏ కథ విచిత్రమైనది. ప్లాస్టిక్‌లోకి రాకముందే అది హార్మోన్‌గా పరీక్షకు నిలిచింది. 1930ల్లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ అనే శాస్త్రవేత్త, ఈస్ట్రోజెన్‌లా పనిచేసే చవక రసాయనం కోసం వెతుకుతూ దాన్ని ఎలుకల మీద ప్రయోగించి చూశాడు. బలం చాలలేదని పక్కనపెట్టి, 1938లో అంతకన్నా ఎంతో శక్తిమంతమైన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ తయారుచేశాడు. గర్భస్రావాలను ఆపుతుందన్న నమ్మకంతో అమెరికాలో దాన్ని 1940ల నుంచి 1971 వరకు లక్షలాది గర్భిణులకు ఇచ్చారు. 1971లో బోస్టన్ వైద్యులు, పడుచు పిల్లల్లో ఎన్నడూ చూడని ఒక రకం యోని క్యాన్సర్ వరసగా రావడం గమనించి ఆరా తీస్తే, వారి తల్లులు కడుపుతో ఉన్నప్పుడు ఆ మాత్ర మింగినట్టు తేలింది. మాత్ర వేసుకున్నది తల్లి, కడుపులో ఉన్నది కూతురు, జబ్బు బయటపడింది పదిహేను ఇరవై ఏళ్ల తర్వాత. హార్మోన్ రసాయనాల గురించి మాట్లాడేవారంతా గర్భిణుల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడమనడానికి ఈ అనుభవమే మూలం. అయితే ఒక తేడా మరిచిపోకూడదు: వాళ్లకు ఇచ్చింది మందు మోతాదు, రోజూ, నెలల తరబడి. కవరులోని సాంబారు నుంచి మీకు చేరేది దానితో పోల్చదగినది కాదు.

మరి ఆ కొంచెం ప్రమాదమా, కాదా? ఈ ప్రశ్న దగ్గరే శాస్త్రవేత్తలు నేటికీ వాదించుకుంటున్నారు. మనిషి బరువులో కిలోకు రోజుకు 4 మైక్రోగ్రాముల బిస్ఫినాల్ ఏ వరకు ఫరవాలేదని అంతకుముందు చెప్పిన యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ, 2023 ఏప్రిల్‌లో ఆ హద్దును 0.2 నానోగ్రాములకు దించేసింది, అంటే ఇరవై వేల వంతుకు. అరవై కిలోల మనిషికి రోజు మొత్తానికి 12 నానోగ్రాములన్నమాట. జర్మనీ ప్రభుత్వానికి చెందిన ప్రమాద అంచనా సంస్థ ఈ లెక్కను ఒప్పుకోక, అంతకు వెయ్యి రెట్లు ఎక్కువైన హద్దు చాలునంది. ఇంత పెద్ద సంస్థల మధ్యే వెయ్యి రెట్ల తేడా ఉన్నప్పుడు, మూడు నిమిషాల వీడియోలో ఒకాయన అంత ధీమాగా తీర్పు చెప్పేయడం చూస్తే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. ఏమైనా యూరోపియన్ యూనియన్ మాత్రం జాగ్రత్త వైపే మొగ్గి, ఆహారం తగిలే వస్తువుల్లో బిస్ఫినాల్ ఏ వాడకాన్ని నిషేధిస్తూ 2024 డిసెంబరులో నిర్ణయం తీసుకుంది. థాలేట్ల విషయంలో, అమెరికాలో 16 అధ్యయనాల్లోని ఆరు వేల మందికి పైగా గర్భిణుల వివరాలను కలిపి 2022లో పరిశీలించినప్పుడు, మూత్రంలో వాటి అవశేషాలు ఎక్కువగా ఉన్నవారిలో నెలలు నిండని కాన్పులు కొంత ఎక్కువగా కనిపించాయి. వేలమందిలో చూస్తే కనబడే తేడా అది. మీ ఒక్కరి కాన్పు ఎలా జరుగుతుందో దాన్నిబట్టి చెప్పలేం, దానికోసం నిద్ర పాడుచేసుకోనక్కరలేదు, కానీ తేలిగ్గా తగ్గించుకోగలిగినప్పుడు తగ్గించుకోవడం తెలివైన పని.

ఎక్కడ తగ్గించుకోవాలో తెలియాలంటే, ప్యాట్రీషియా హంట్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రయోగశాలలో 1998లో జరిగిన ఒక పొరపాటు గురించి చెప్పాలి. క్లీవ్‌లండ్‌లో ఆమె చిట్టెలుకల అండాల మీద పరిశోధన చేస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల అండాల్లో క్రోమోజోముల అమరిక చెదిరినవి మామూలుగా నూటికి ఒకటో రెండో ఉండేవి. ఉన్నట్టుండి అవి నలభైకి చేరాయి. ఎలుకలు మారలేదు, మేత మారలేదు. వారాల తరబడి వెతికితే తేలిందేమిటంటే, ఎలుకల బోనులనూ నీళ్ల సీసాలనూ కడిగే పనివారు తెలియక నేల తుడిచే ఘాటైన క్షార ద్రావణంతో వాటిని కడిగేశారు. అవి పాలీకార్బొనేట్‌వి. ద్రావణం తగిలి పైపొర మసకబారి, బీటలు తీసి, లోపలి బిస్ఫినాల్ ఏ బయటికి కారడం మొదలైంది. ఎలుకలు నీళ్లతోపాటు దాన్ని తాగాయి. ఆ తర్వాత ఆమె కావాలనే మళ్లీ అదే పరిస్థితి కల్పించి నిర్ధారించుకుని 2003లో ప్రచురించారు.

ఈ కథలో ఉన్నది ఎలుకలే, మనుషులు కారు. కానీ ప్లాస్టిక్ తనలోని రసాయనాన్ని ఎప్పుడు వదులుతుందన్నది మనకూ వర్తిస్తుంది. కొత్త ప్లాస్టిక్ డబ్బాలో చల్లని, పొడి సరుకు పోస్తే దాదాపు ఏమీ దిగదు. వేడి తగిలితే, నూనె తగిలితే, పులుపు తగిలితే, గీతలు పడి పాతబడితే, ఎక్కువసేపు నిలవ ఉంటే దిగుతుంది. అందుచేత ఇంట్లో ప్లాస్టిక్ అంతా పారేయనక్కరలేదు. బియ్యం డబ్బా, ఉల్లిపాయల బుట్ట, కందిపప్పు పోసుకున్న డబ్బా ఎక్కడివక్కడ ఉండనివ్వండి. వేడిగా, నూనెగా ఉన్నవాటిని మాత్రం ప్లాస్టిక్ నుంచి తప్పించండి.

ఆ లెక్కన చూస్తే మీ ఇంట్లో మొదట మారవలసింది కర్రీ పాయింట్ కవరే. ఈసారి ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. పదకొండు గంటలకే పొయ్యి మీంచి దింపిన సాంబారును పల్చని కవరులో పోసి, రబ్బరు బ్యాండు బిగించి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంచుతారు. మీవారు ఒంటిగంటకు తెచ్చేసరికి కవరు ఉబ్బి, చేతికి మెత్తగా సాగుతూ ఉంటుంది, విప్పగానే పోపు వాసన కన్నా ముందు ప్లాస్టిక్ వాసన తగులుతుంది. వేడి, నూనె, చింతపండు పులుపు, రెండు గంటల సమయం, నాలుగూ ఒకచోట చేరాయి. న్యాయంగా చెప్పాలంటే మంచి పాలిథిన్ స్వతహాగానే మెత్తనిది కాబట్టి దానికి థాలేట్లు కలపనక్కరలేదు. కానీ ఆ కవరు ఏ ప్లాస్టిక్‌తో చేసిందో, అందులో కరిగించి మళ్లీ పోసిన పాత సరుకు ఎంతో దానిమీద రాసి ఉండదు. తిరిగి కరిగించిన ప్లాస్టిక్ సంచుల్లో తినే పదార్థాలు కట్టకూడదని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు చెప్పినా, సందు చివరి దుకాణంలో అది ఎవరు చూస్తారు?

ఇందుకు పరిష్కారం మీ అమ్మమ్మ గారి కాలం నుంచీ ఉన్నదే, స్టీలు క్యారేజీ. మీవారు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు నాలుగు గిన్నెల క్యారేజీ వెంట ఉంచుకుని, కట్టిపెట్టిన కవరు కాకుండా పెద్ద గిన్నెలోంచి గరిటెతో పోయమని అడగవచ్చు. మొదటి రోజు దుకాణదారు కొంచెం విసుక్కుంటాడు, నాలుగో రోజుకు అలవాటు పడతాడు. కవరు ఖర్చు మిగులుతుంది కాబట్టి గరిటెడు ఎక్కువే పోసినా పోస్తాడు. కవరు తప్పని రోజున ఇంటికి రాగానే స్టీలు గిన్నెలోకి వంపేయండి. కవరుతోనే వేడినీళ్లలో ముంచి వెచ్చబెట్టడం, ప్లాస్టిక్ డబ్బాతో మైక్రోవేవ్‌లో పెట్టడం వద్దు. డబ్బా మీద మైక్రోవేవ్ సేఫ్ అని ఉంటే ఆ వేడికి డబ్బా కరగదు, వంకర పోదు అని అర్థం. దాంట్లోంచి కూరలోకి ఏమీ దిగదని కాదు. బజ్జీలను అచ్చుకాగితంలో పొట్లం కట్టించుకోవడం, నూనె పీల్చుకుంటుందని దానిమీద ఆరబెట్టడం కూడా మానేయండి. అది పీల్చే నూనెతోపాటు సిరా రంగులు, ద్రావకాలు బజ్జీలోకి వస్తాయి. ఆహార పదార్థాలకు వార్తాపత్రికల కాగితం వాడకూడదని మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిబంధన కూడా ఉంది.

నీళ్ల క్యాన్ విషయంలో నేను చెప్పేది కాస్త జాగ్రత్తగా వినండి. క్యాన్ అడుగున చిన్న త్రికోణం, అందులో ఒక అంకె ఉంటుంది. 1 అని ఉంటే అది పెట్ ప్లాస్టిక్, దాని తయారీలో బిస్ఫినాల్ ఏ అవసరం లేదు. 7 అని ఉండి, గాజులా గట్టిగా, పారదర్శకంగా ఉంటే చాలావరకు పాలీకార్బొనేట్ అయి ఉంటుంది. అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు 77 మంది విద్యార్థుల చేత వారం రోజులపాటు చల్లని పానీయాలను పాలీకార్బొనేట్ సీసాలతోనే తాగిస్తే, వారి మూత్రంలో బిస్ఫినాల్ ఏ మూడింట రెండు వంతులు పెరిగిందని 2009లో ప్రచురించారు. చల్లని నీళ్లకే అంత అయితే, మే నెల ఎండలో ఆటో మీద తిరిగి, వందసార్లు రుద్ది కడిగి, లోపలంతా మసకబారిన క్యాన్ సంగతి చెప్పనక్కరలేదు. గీతలు పడిన క్యాన్ వస్తే వెనక్కి పంపండి, ఎండలో పెట్టిన బండి దగ్గర తీసుకోకండి, రాగానే నీళ్లను స్టీలు బిందెలోకో మట్టికుండలోకో వంపుకోండి. వీలైతే కుళాయి నీళ్లను మరగకాచి, చల్లార్చి తాగడం ఇంకా మంచిది. అంతే గానీ, ప్లాస్టిక్ భయంతో శుభ్రం లేని నీళ్లు మాత్రం తాగకండి. కలుషితమైన నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఈ అనే కామెర్లు గర్భిణులకు, ముఖ్యంగా నెలలు నిండేవేళ, ప్రాణాంతకం కావచ్చు. క్యాన్‌లోని బిస్ఫినాల్‌నూ ఆ కామెర్లనూ ఒకే తూకంలో పెట్టడానికి లేదు.

మీకు ధైర్యం చెప్పే విషయం ఒకటుంది. బిస్ఫినాల్ ఏ గానీ, థాలేట్లు గానీ ఒంట్లో పేరుకుపోయేవి కావు. కాలేయం వాటిని మార్చేస్తే ఒకటి రెండు రోజుల్లో చాలావరకు మూత్రంలో వెళ్లిపోతాయి. మనం రోజూ మళ్లీ మళ్లీ తీసుకుంటాం కాబట్టే ఎప్పుడు పరీక్షించినా కనబడతాయి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని అయిదు కుటుంబాలకు మూడు రోజులపాటు డబ్బాల్లో, ప్లాస్టిక్‌లో రాని తాజా వంట మాత్రమే పెట్టి చూస్తే, మూత్రంలో బిస్ఫినాల్ ఏ సగటున 66 శాతం, ఒక ముఖ్యమైన థాలేట్ అవశేషాలు సగానికి పైగా తగ్గాయని 2011లో తేలింది. మూడు రోజులే. అంటే నిన్నటి వరకు తిన్న కవరు సాంబారు గురించి కుమిలిపోనక్కరలేదు, రేపటి నుంచి తెచ్చుకునే తీరు మారితే చాలు. ఫ్లోరిన్ రసాయనాలు మాత్రం ఇలా వెళ్లవు, వాటిలో కొన్ని ఏళ్ల తరబడి ఉండిపోతాయి. పూత లేచిపోయిన నాన్‌స్టిక్ పెనం మీద అట్లు పోస్తుంటే దాన్ని తీసేసి ఇనప పెనం పట్టుకోండి. గర్భిణులకు కాస్త ఇనుము అదనంగా అందినా మంచిదే.

ఒంట్లో ఎంత ఉందో చెప్పే పరీక్ష అన్నారు. మీకు ఉపయోగపడేది ఏదీ లేదు. పరిశోధనశాలల్లో మూత్రంలో కొలుస్తారు, కానీ ఒకసారి కొలిస్తే నిన్న ఏం తిన్నారో తెలుస్తుంది తప్ప మూడేళ్లుగా ఏం జరిగిందో తెలియదు. ఇంత ఉంటే జబ్బు, ఇంత లోపు ఉంటే క్షేమం అని గీసిన గీత లేదు, అంకె చూసి ఇచ్చే వైద్యమూ లేదు. ఆ డబ్బును టీఎస్‌హెచ్ పరీక్షకు పెట్టండి.

పొడి విషయంలో నా జవాబు ఖచ్చితంగా వద్దు అనే. కాలేయం, మూత్రపిండాలు ఉచితంగా చేస్తున్న పనిని ఆ పొడి చేయలేదు. పైగా లేబుల్ లేని, ఎక్కడ తయారైందో తెలియని మూలికల పొడుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. 2011, 2012ల్లో న్యూయార్క్ నగరంలో భారతదేశం నుంచి తెప్పించుకున్న మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో ఉన్నట్టు అక్కడి ఆరోగ్య శాఖ గుర్తించింది. సంప్రదాయ వైద్యం మీద నాకు కోపం లేదు. కడుపుతో ఉన్నప్పుడు, చీటీ లేని సీసాలోంచి చెంచాతో తీసి ఇచ్చినది ఏదైనా మింగకూడదన్నదే నా మాట.

బీపీఏ ఫ్రీ, అంటే బిస్ఫినాల్ ఏ లేదు, అన్న అక్షరాలు చూసి ఎక్కువ డబ్బు పెట్టి కొత్త ప్లాస్టిక్ సీసాలు కొనాలనుకుంటే అదీ తొందరపాటే. బిస్ఫినాల్ ఏ తీసేసి చాలాచోట్ల దాని దాయాది అయిన బిస్ఫినాల్ ఎస్ పెట్టారు. పైన చెప్పిన ప్యాట్రీషియా హంట్ బృందానికే ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ అదే అనుభవం ఎదురైంది. కొత్త రకం ప్లాస్టిక్ బోనులు దెబ్బతిని, ఎలుకల్లో మళ్లీ తేడాలు కనిపించి, వెతికితే బిస్ఫినాల్ ఎస్ బయటపడిందని 2018లో ప్రచురించారు. ఆ డబ్బుకు ఒక స్టీలు సీసా వస్తుంది, మీ పెద్దపాప బడికి కూడా అదే. పుట్టబోయే బిడ్డకు తల్లిపాలు ఇస్తే పాలసీసా ప్రసక్తే ఉండదు. మీ పాలలోకి రసాయనాలు వస్తాయేమోనన్న భయంతో పాలు మాన్పించాలన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. పోతపాల వల్ల వచ్చే నష్టం ముందు అది లెక్కలోకి రాదు.

వంటింటి బయట చూసుకోవలసినవి కొన్నే. చర్మం తెల్లబడుతుందని అమ్మే క్రీములు మొదట ఆపండి. వాటిలో కొన్నింట్లో పాదరసం, మరికొన్నింట్లో స్టెరాయిడ్లు ఉంటాయి, స్టెరాయిడ్ అంటే హార్మోన్‌ను పోలినది కాదు, నేరుగా హార్మోనే. ఘాటైన పరిమళం ఉన్న లోషన్లు, బాడీ స్ప్రేలు ఈ ఆరేడు నెలలు తగ్గించండి. దుకాణంలో ఇచ్చే నున్నటి బిల్లు కాగితం మీద అచ్చు సిరాతో పడదు, వేడికి రంగు మారే పూత వల్ల పడుతుంది. ఆ పూతలో బిస్ఫినాల్ ఉండవచ్చు. చేతికి శానిటైజర్ రాసుకున్న వెంటనే దాన్ని పట్టుకుంటే చర్మం ఇంకా ఎక్కువ పీలుస్తుంది. మీరు బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేసేవారైతే తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి, ఎప్పుడో ఒకసారి కొనుక్కునేవారైతే దాని గురించి ఆలోచించనక్కరలేదు. పాప ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి, 2021 నుంచి మన దేశంలో అది తప్పనిసరి. ఆకుకూరలు, పండ్లు ధారగా పడే నీళ్ల కింద బాగా కడగండి, అంతేగాని పురుగుమందుల భయంతో తినడం మానకండి.

ఇదంతా రాస్తూ నాకు ఒక విషయం బాధగానే ఉంది. ఉద్యోగం చేస్తూ, వాంతులతో వేగుతూ, పెద్దపిల్లను బడికి పంపుతూ, కర్రీ పాయింట్ మీద ఆధారపడిన తల్లినే మళ్లీ కూర్చోబెట్టి, డబ్బా అడుగున అంకె చూడు, కాగితం ముట్టుకోకు అని చెప్పవలసి రావడం న్యాయం కాదు. పెట్రోలులోని సీసం నుంచి మన పిల్లలను కాపాడింది తల్లుల జాగ్రత్త కాదు, 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోలును తప్పనిసరి చేసిన నిర్ణయం. పాలసీసాల్లో బిస్ఫినాల్ ఏ ఉండకూడదని మన ప్రమాణాల సంస్థ 2015లో పెట్టిన నియమం కూడా అలాంటిదే. కూరల కవర్లకూ నీళ్ల క్యాన్లకూ అంత గట్టి నియమం, దాన్ని అమలు చేసే మనుషులు వచ్చేదాకా స్టీలు క్యారేజీ మోసే భారం ఇంటివారి మీద పడుతోంది. ఆ మోతలో సగం మీవారిది. ఈ జవాబు ఆయనకూ చదివి వినిపించండి.

చివరగా అత్తగారి జాడీ. ఆవకాయను ప్లాస్టిక్ డబ్బాలోంచి మార్చమనడంలో ఆవిడ చెప్పింది నూరుపాళ్లు నిజం. ఉప్పు, నూనె, పులుపు కలిసి ఏడాదిపాటు ఊరే పదార్థానికి ప్లాస్టిక్ కన్నా చెడ్డ చోటు లేదు. అయితే పాత జాడీలన్నీ మంచివనుకోవద్దు. పింగాణీ మీద మెరుపు కోసం వేసే పూతలో పూర్వం సీసం కలిపేవారు. పూత గట్టిగా ఉన్నంతకాలం అది లోపలే ఉంటుంది, కానీ వెంట్రుకల్లాంటి సన్నని బీటలు పడితే, అంచు పెచ్చులూడితే, మామిడి పులుపుకు సీసం కరిగి ఊటలోకి దిగుతుంది. గర్భిణులకు అది బిస్ఫినాల్ కన్నా స్పష్టంగా తెలిసిన ప్రమాదం. జాడీని కడిగి ఆరబెట్టి, లోపలికి టార్చి వేసి చూడండి. గీతలు, మచ్చలు, ఊడిన చోట్లు కనిపించినా, లోపలి పూతకు రంగులున్నా, ఎన్నేళ్లనాటిదో తెలియకపోయినా, ఆవకాయను రెండు మూడు గాజు సీసాల్లో సర్దుకోండి, ఆవిడ మనసు నొచ్చుకోకుండా కారణం కూడా చెప్పండి. కందిపప్పో పెసలో పోసుకోవడానికి ఆ జాడీ ఇంకా ఎన్నాళ్లయినా పనికొస్తుంది.